భోజనప్రియుడు, తిండిపోతు, ఫుడీ, గోర్మే: ఎవరిని ఏమనాలి?

మంచి తిండి అంటే ప్రాణం పెట్టే మనిషిని ఒక్క మాటలో పరిచయం చేయాలంటే ఏమంటాం? భోజనప్రియుడు అనొచ్చు, తిండిపోతు అనొచ్చు, ఫుడీ అనొచ్చు. కాస్త గొప్పగా వినపడాలంటే గోర్మే, ఎపిక్యూర్, కానసర్ ఉన్నాయి. సంస్కృతం మీద మోజుంటే రసజ్ఞుడు ఉంది. పైపైన చూస్తే అన్నీ ఒకటే. నలుగురిలో అనేశాక తెలుస్తుంది, ఒకటి మెప్పు, ఒకటి వెక్కిరింత, ఇంకొకటి ఎవరికీ అర్థం కాని మాట అని. సభలో అతిథిని పరిచయం చేసేవాళ్లు, సోషల్ మీడియాలో తమ గురించి రెండు ముక్కలు రాసుకునేవాళ్లు, పెళ్లి సంబంధం కోసం ప్రొఫైల్ నింపేవాళ్లు, ఇంగ్లిష్ నుంచి అనువాదం చేసేవాళ్లు తడబడేది ఇక్కడే.

మాట ఎంచుకునే ముందు చూడాల్సింది, అది దేన్ని కొలుస్తోంది అని. కొన్ని మాటలు ఎంత తింటాడో చెబుతాయి. కొన్ని ఎలాంటిది తింటాడో చెబుతాయి. కొన్ని తిండి గురించి ఎంత తెలుసో చెబుతాయి. ఫుడీ లాంటి కొత్త మాటలైతే తిండి ఆ మనిషి కబుర్లలో, తీరిక సమయంలో ఎంత చోటు ఆక్రమించిందో చెబుతాయి. ఆ తర్వాత చూడాల్సింది, ఎవరు ఎవరిని అంటున్నారన్నది. చాలాసార్లు మాట కన్నా ఇదే ఎక్కువ తేడా తెస్తుంది.

తిండిపోతు, భోజనప్రియుడు

ఎక్కువమంది ఎంచుకోవాల్సి వచ్చేది ఈ రెండింటి మధ్యే, కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

తిండిపోతు అన్న మాట దాని బంధువులతో కలిపి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. తాగుబోతు, తిరుగుబోతు, వదరుబోతు, సోమరిపోతు, పిరికిపోతు, నిద్రపోతు. ఈ వరసలో మెచ్చుకునే మాట ఒక్కటైనా ఉందేమో వెతకండి, నాకైతే తట్టలేదు. ఏదో ఒకటి హద్దు మీరి ఉన్నవాడని చెప్పే చేర్పు అది. కాబట్టి తిండిపోతు కొలిచేది పరిమాణాన్నే. రుచి తెలిసినా తెలియకపోయినా, మంచిదైనా కాకపోయినా, ముందు పెట్టింది ఖాళీ చేసేవాడు తిండిపోతు. కన్నడంలో కూడా ఇదే మాట తిండిపోత అన్న రూపంలో ఉంది, అక్కడా మర్యాద అంతే.

మరి ఇంత ముద్దుగా ఎలా వాడుతున్నాం? అనే మనిషిని బట్టి. అమ్మమ్మ మనవణ్ణి తిండిపోతు వెధవా అంటే అందులో మురిపెం తప్ప ఇంకేమీ లేదు. స్నేహితులు ఒకరినొకరు అనుకుంటే సరదా. ఎవరికి వాళ్లు నేనొక తిండిపోతుని అని చెప్పుకుంటే అది వినయం, కాస్త చమత్కారం కూడా. అదే మాట ఆఫీసులో పైఅధికారి కింది ఉద్యోగిని అంటే, కొత్తగా కుదిరిన మామగారు అల్లుణ్ణి అంటే అవమానం. ఈ మాటను తన మీద తాను వాడుకోవచ్చు, బాగా చనువున్న చోట ఎదుటివాళ్ల మీద వాడొచ్చు, మిగతా చోట్ల వద్దు.

ఒక్క చోట మాత్రం చనువు ఉన్నా వద్దంటాను. బరువు గురించి ఇప్పటికే బెంగపడుతున్న పిల్లల దగ్గర, తిండి అదుపు తప్పి ఇబ్బంది పడుతున్న పెద్దవాళ్ల దగ్గర. ఆకలి లేకపోయినా ఆపుకోలేక తినేయడం, ఆ తర్వాత కుమిలిపోవడం అన్నది ఒక ఆరోగ్య సమస్య. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో విడుదల చేసిన రోగనిర్ధారణ గ్రంథం దీన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ పేరుతో విడి జబ్బుగా గుర్తించింది. అలాంటి మనిషికి తిండిపోతు అన్న మాట సరదాగా తగలదు.

భోజనప్రియుడు కొలిచేది ఇష్టాన్ని. ఎంత తింటాడన్నది చెప్పదు. పిడికెడే తిన్నా ఆనందంగా, శ్రద్ధగా తినేవాడు భోజనప్రియుడే. సభలో అనొచ్చు, పత్రికలో రాయొచ్చు, పెద్దవాళ్లను అనొచ్చు, చనిపోయినవాళ్లను తలచుకుంటూ కూడా అనొచ్చు. ఇన్ని చోట్ల నిలబడే మాట ఈ జాబితాలో ఇంకొకటి లేదు. ఏది వాడాలో తోచనప్పుడు నా ఓటు దీనికే.

అయితే దీనికీ రెండు చిక్కులున్నాయి. భోజనం అంటే కూర్చుని తినే పూర్తి తిండి. పూటకు రెండు ముద్దలు తిని, మిగతా రోజంతా చిరుతిళ్ల మీద బతికేసే మనిషిని భోజనప్రియుడు అంటే అతికినట్టుండదు. చిరుతిళ్లంటే పడి చచ్చేవాడు అని చెప్పేయడం నయం. హిందీలో చటోరా అన్న మాట ఇలాంటివాళ్ల కోసమే పుట్టినట్టు ఉంటుంది, పులుపూ కారం కనబడితే నాలుక ఆగనివాళ్లన్నమాట. తెలుగులో దానికి సరిగ్గా సరిపోయే ఒక్క మాట లేదు, జిహ్వచాపల్యం ఉన్నవాడు అంటే దగ్గరికొస్తుంది. రెండో చిక్కు, భోజనప్రియుడు రాతలో హాయిగా ఉంటుంది గానీ కబుర్లలో కొంచెం బిగుసుకుపోయినట్టు వినిపిస్తుంది. మా బావ భోజనప్రియుడు అని ఫోన్లో ఎవరూ అనరు, మా బావకి తిండి ఉంటే చాలు అంటారు. ఆడవాళ్ల విషయంలో భోజనప్రియురాలు సరైన రూపమే, అయినా పలకడానికి బరువు అనిపిస్తే గౌరవ బహువచనంలో భోజనప్రియులు అనేస్తే ఇద్దరికీ సరిపోతుంది. తిండిపోతుకు ఈ బాధ లేదు, ఆడా మగా ఎవరికైనా అదే మాట.

ఆహారప్రియులు అన్నది శీర్షికల కోసం పుట్టిన మాట. బహువచనంలో, గుంపు గురించి చెప్పేటప్పుడు బాగుంటుంది. ఒక మనిషిని చూపించి ఆహారప్రియుడు అంటే ప్రకటన చదివినట్టు ఉంటుంది.

పరిమాణం వైపు ఇంకా చాలా మాటలున్నాయి. బకాసురుడు అంటే ఆటపట్టించడమే, రాక్షసుడితో పోలిక కాబట్టి ఎవరితో అంటున్నామో చూసుకోవాలి. తిండికి తిమ్మరాజు అన్నది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ సామెత అక్కడితో ఆగదు. పనికి పోతరాజు అన్న రెండో సగం వినేవాడే పూరించుకుంటాడు. తింటాడు, పనిచేయడు అని మీరు అనకుండానే అన్నట్టవుతుంది. వృకోదరుడు అన్నది భీముడి పేరు, తోడేలు కడుపువాడని అర్థం. ఆ పేరులో ఆకలి, బలం రెండూ ఉన్నాయి. పైగా విరాటుడి కొలువులో వంటవాడిగా దాక్కున్నదీ ఆ భీముడే, నలభీమపాకం అన్న మాటలో నలుడి పక్కన నిలిచిందీ అతడే. తినడం, వండడం రెండూ తెలిసిన బలశాలి స్నేహితుడుంటే వృకోదరుడు అంటే నిజంగా మెప్పు. పురాణాలు చదివినవాళ్ల మధ్య మాత్రమే సుమా.

ఎక్కువ తినడాన్ని గౌరవంగా చెప్పాలంటే సుష్టుగా భోంచేస్తారు అన్నది హాయిగా ఉంటుంది. ఇటాలియన్లు, ఫ్రెంచివాళ్లు ఇలాంటి మనిషిని మంచి ఫోర్కు అంటారు, అందులోనూ ఎత్తిపొడుపు లేదు.

ఫుడీ

ఈ మాటకు పుట్టిన తేదీ దాదాపుగా తెలుసు. 1980లో న్యూయార్క్ పత్రికలో రెస్టారెంట్ విమర్శకురాలు గేల్ గ్రీన్ రాతలో కనిపించింది. కొద్ది కాలానికే బ్రిటన్‌లోనూ వాడుకలోకి వచ్చింది. ఆన్ బార్, పాల్ లెవీ 1984లో దీని మీద ఏకంగా ఒక పుస్తకమే తెచ్చారు. మొదట్లో ఇందులో కొంత వెక్కిరింత ఉండేది. ఎక్కడ కూర్చున్నా తిండి కబుర్లే చెప్పే కొత్త రకం నగరవాసులను ఆటపట్టించడానికి పుట్టిన మాట ఇది. తిండి మీద ఇష్టాన్ని డబ్బున్నవాళ్ల ఇళ్ల నుంచి, పెద్దమనుషుల క్లబ్బుల నుంచి మామూలు జనంలోకి తెచ్చిందీ ఈ మాటే. గోర్మే అనిపించుకోవాలంటే చదువు, హోదా ఉన్నట్టు కనిపించాలి. ఫుడీ అనిపించుకోవడానికి ఉత్సాహం చాలు.

అందుకే వయసులో ఉన్నవాళ్లు తమ గురించి తాము చెప్పుకోవడానికి ఫుడీ బాగా కుదిరింది. ఆడ, మగ తేడా లేదు. గొప్పలు లేవు. తిండిపోతులోని పరిమాణం గొడవ కూడా లేదు. కొత్త చోటికి వెళ్లినప్పుడు ముందు ఏం చూడాలా అని కాక ఏం తినాలా అని వెతికే మనిషిని ఇంతకంటే సులువుగా చెప్పలేం.

మరి ఇబ్బంది ఎక్కడ? అందరూ వాడేశారు. ప్రొఫైల్‌లో ప్రయాణాలు, సంగీతం, సినిమాలు, ఫుడీ అని వరసగా రాస్తే చదివేవాడికి ఆ మనిషి గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. తిండి మీద వృత్తిగా రాసేవాళ్లలో చాలామందికి ఈ మాటంటే చిరాకు కూడా ఇందుకే. రెస్టారెంట్ విమర్శ రాసే మనిషినో, ఏళ్ల తరబడి వంటల చరిత్ర వెతికిన మనిషినో వేదిక మీదకు పిలుస్తూ పెద్ద ఫుడీ అనకండి, వాళ్ల పనిని సరదా కింద తేల్చేసినట్టవుతుంది. అరవై దాటినవాళ్లకు, పల్లెల్లో పెరిగిన పెద్దలకు ఆ మాట తెలియకపోవచ్చు కూడా.

ఫుడ్ లవర్ అన్నదానికీ ఫుడీకీ పెద్ద తేడా లేదు. ఒక్కటే, ఫుడ్ లవర్ ఇష్టం దగ్గరే ఆగిపోతుంది, ఫుడీ అనేసరికి వెతకడం, ఫొటో తీయడం, నలుగురికీ చెప్పడం కూడా వచ్చి చేరతాయి. ఇంట్లో వండింది ఇష్టంగా తినేసి ఎవరికీ చెప్పకుండా పడుకునే మనిషి ఫుడ్ లవరే గానీ ఫుడీ కాదు. ఫుడ్ వ్లాగర్ వేరే సంగతి, అది పని పేరు. తిండంటే పెద్దగా ఇష్టం లేని వ్లాగర్లు కూడా ఉండొచ్చు.

గోర్మే, గోర్మాండ్

వీటిని తారుమారు చేసేవాళ్లు ఇంగ్లిష్‌లో రాసేవాళ్లలోనే కోకొల్లలు, అనువాదాల్లో ఇంకా ఎక్కువ. శబ్దం దగ్గరగా ఉండడంతో ఒకే వేరు నుంచి వచ్చాయనుకుంటారు. నిజానికి వేరువేరు. గోర్మే పాత ఫ్రెంచిలో ద్రాక్షసారాయి వర్తకుడి దగ్గర పనిచేసే కుర్రాడు, సారాయి రుచి చూసి మంచిచెడ్డలు చెప్పేవాడు. గోర్మాండ్ మొదటి నుంచీ తిండిపోతే. కాలక్రమంలో రెండు మాటలూ ఒకదాన్నొకటి రాసుకుని కొంత కలిసిపోయాయి, అయినా ఆ మొదటి తేడా ఇప్పటికీ పనికొస్తుంది. గోర్మే నాణ్యత చూస్తాడు, గోర్మాండ్ ఆస్వాదిస్తూ గట్టిగా తింటాడు.

గోర్మాండ్ కథ ఆసక్తిగా ఉంటుంది. క్రైస్తవంలో ఏడు మహాపాపాల జాబితా ఆరో శతాబ్దపు పోప్ గ్రెగరీ నుంచి స్థిరపడింది, అందులో తిండిపోతుతనం ఒకటి. లాటిన్‌లో దాని పేరు గులా, అంటే గొంతు. ఫ్రెంచిలో ఆ పాపానికి పెట్టిన పేరు గోర్మాండీస్. అంటే మంచి తిండి మీది మక్కువనూ, పీకలదాకా మెక్కడాన్నీ ఆ భాష ఒకే మాటతో చెప్పింది. విప్లవం తర్వాతి పారిస్‌లో ఈ మాటకు మర్యాద తెచ్చే ప్రయత్నం గట్టిగా జరిగింది. గ్రిమో ద లా రెనియేర్ 1803 నుంచి 1812 వరకు గోర్మాండ్ల కోసమే వార్షిక సంచికలు వేశాడు, దుకాణాలు పంపిన తినుబండారాలను రుచి చూసి తీర్పు చెప్పే మండలి కూడా పెట్టాడు. ఆ తర్వాత, న్యాయమూర్తిగా పనిచేసిన బ్రియా సవారాఁ 1825 చివర్లో వెలువడిన తన గ్రంథంలో నిఘంటువుల మీదే ఫిర్యాదు చేశాడు. అవి గోర్మాండీస్‌ను తిండిపోతుతనంతో కలిపేస్తున్నాయని, అసలైన గోర్మాండీస్ అతికి శత్రువని వాదించాడు. ఆ పుస్తకం వచ్చిన కొద్ది వారాలకే, 1826 ఫిబ్రవరిలో చనిపోయాడు.

వాదం మాత్రం అక్కడితో తీరలేదు. పారిస్‌లో పేరున్న రొట్టెల తయారీదారు లియొనెల్ పొయిలాన్, పాపాల జాబితాలో గోర్మాండీస్ అన్న మాట తీసేయమని ఏకంగా పోప్‌కే విన్నపం పెట్టడానికి పూనుకున్నాడు. పాపాన్ని క్షమించమని కాదు, మెక్కడాన్ని చెప్పే వేరే మాట అక్కడ పెట్టమని. ఒక మాట కోసం అంత దూరం వెళ్లిన మనిషి మీద నాకు గౌరవం. ఇవాళ ఫ్రెంచివాళ్లు మాట్లాడుకునేటప్పుడు గోర్మాండ్ అంటే తినడం ఇష్టమున్న మనిషి, ముఖ్యంగా తీపి ఇష్టమున్న మనిషి అనే ముద్దు మాట. ఇంగ్లిష్‌లో మాత్రం ఇప్పటికీ రెండు వైపులా ఊగుతోంది, చదివేవాడు మెప్పు అనుకోవచ్చు, ఎత్తిపొడుపూ అనుకోవచ్చు. అత్తరు సీసాల మీద గోర్మాండ్ అని కనిపిస్తే కంగారు పడకండి, వెనీలా, పంచదార పాకం లాంటి తినే వాసనలున్న అత్తర్లను అలా అంటారు.

తెలుగులో వీటిని వాడాలా? గోర్మే అన్న మాట మనకు మనుషుల కన్నా ప్యాకెట్ల మీదే ఎక్కువ కనిపిస్తుంది. గోర్మే ఇది, గోర్మే అది అని అంటించిన ప్రతిదానికీ ధర కాస్త పెరుగుతుందన్నది తప్ప అందులో ఏముందో ఆ మాట చెప్పదు. అందువల్ల మనిషిని గోర్మే అంటే వినేవాడికి ఖరీదైన తిండి తినేవాడు అన్న అర్థమే ముందు తడుతుంది. నాలుక సూక్ష్మంగా పనిచేసే మనిషి అని చెప్పడం మీ ఉద్దేశమైతే ఆ మాట చెడగొడుతుంది. జపాన్‌వాళ్లు ఈ మాటను గురుమే చేసుకుని తిండికే పేరుగా వాడుకున్నారు, రెండో తరగతి గురుమే అని చవకైన రుచికరమైన తిండిని మెచ్చుకుంటూ చెబుతారు. ఆ దిగివచ్చిన తీరు మన వాడుకలో ఇంకా రాలేదు. గోర్మాండ్‌ను మాత్రం తెలుగులో వదిలేయడమే మంచిది. అనువాదంలో ఎదురైతే ముందూ వెనకా చదివి, సందర్భం మెచ్చుకుంటోందా వెక్కిరిస్తోందా చూసుకుని, భోజనప్రియుడు, తిండిపోతుల్లో ఒకటి వేసేయండి. నిఘంటువులో మొదట కనిపించిన అర్థం వేస్తే సగం సార్లు తప్పే.

ఎపిక్యూర్, కానసర్, గ్యాస్ట్రోనోమ్

ఎపిక్యూర్ అన్న పేరు వెనకున్న మనిషికి అన్యాయం జరిగింది. ఎపిక్యూరస్ క్రీస్తు పూర్వం 341లో పుట్టిన గ్రీకు తత్వవేత్త. సుఖమే పరమార్థం అన్నాడు, అయితే ఆయన ఉద్దేశంలో సుఖం అంటే బాధ లేకపోవడం, మనసుకు కలత లేకపోవడం. రొట్టె, నీళ్లతో సరిపెట్టుకునేవాడని, ఒక చిన్న కుండ జున్ను పంపితే కావాలనుకున్నప్పుడు విందు చేసుకుంటానని మిత్రుడికి రాశాడని డయోజనీస్ లేర్షియస్ రాసిన చరిత్ర చెబుతుంది. అలాంటి మనిషి పేరు ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి మొదట భోగలాలసుడికి, తర్వాత నాజూకు రుచులున్న భోజనప్రియుడికి అంటుకుంది. తెలుగులో ఈ మాట వాడితే వివరణ కూడా ఇచ్చుకోవాలి, వివరణ ఇచ్చుకోవాల్సిన మెప్పు మెప్పులా ఉండదు.

కానసర్ కొలిచేది తెలివిడిని. చిత్రకళ, సారాయి, కాఫీ, టీ, దేనికైనా వాడొచ్చు, కాబట్టి దేని కానసరో చెప్పకపోతే అర్థం సగమే. ఒకే వస్తువు మీద లోతైన పట్టున్న మనిషికి ఇది సరైన మాట. అన్నీ ఇష్టంగా తినే మనిషికి కాదు.

గ్యాస్ట్రోనోమ్ అంటే తిండిని శాస్త్రంలా చదివినవాడు. 1801లో జోసెఫ్ బెర్షూ రాసిన ఫ్రెంచి కావ్యం వల్ల గ్యాస్ట్రోనమీ అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. ఫ్రెంచివాళ్ల విందు భోజనాన్ని 2010లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు వాడిందీ ఈ మాటే. కానీ గ్యాస్ట్రో అని మొదలుపెట్టగానే మనవాళ్లకు గుర్తొచ్చేది కడుపు డాక్టరు, ఆ తర్వాత గ్యాస్ ట్రబుల్. వేరు ఒక్కటే, కడుపుకు గ్రీకు మాట. సభలో ముఖ్య అతిథిని గ్యాస్ట్రోనోమ్ అని పరిచయం చేస్తే వెనక వరసలో ఎవరో ఒకరు అపాయింట్‌మెంట్ అడుగుతారు.

రసజ్ఞుడు, రసికుడు, భోక్త

సొంత మాటలుండగా ఫ్రెంచి ఎందుకు అనేవాళ్లు ఇటు వస్తారు. నిజంగానే ఇక్కడ మంచి సరుకుంది. రసం అంటే రుచి, కళలో కలిగే అనుభూతి కూడా. భరతుడి నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో రసాన్ని వివరించడానికి తిండినే ఉదాహరణగా తెచ్చుకున్నాడు. రకరకాల వ్యంజనాలతో సంస్కరించిన అన్నం తింటూ సుమనస్కులైన మనుషులు రుచులను ఆస్వాదించినట్టే, ప్రేక్షకులు భావాలను ఆస్వాదిస్తారన్నాడు. అంటే శ్రద్ధగా తినేవాడు, శ్రద్ధగా నాటకం చూసేవాడు ఆయన దృష్టిలో ఒకే కోవ. అమరకోశం నాలుకకు చెప్పిన పేర్లలో మొదటిది రసజ్ఞా. రసం తెలిసినది కాబట్టి.

ఇంత చక్కటి మాట ఉన్నా రసజ్ఞుడు అంటే ఇవాళ వినేవాడికి గుర్తొచ్చేది కవిత్వం, సంగీతం. తిండి గుర్తురాదు. దాన్ని తిండికి ముడిపెట్టి చెప్పాలి, తిండి విషయంలో రసజ్ఞుడు అన్నట్టు. అలా చెబితే గోర్మే చేయాల్సిన పని అంతకన్నా బాగా చేస్తుంది. రసికుడు దగ్గర మరింత జాగ్రత్త. బెంగాలీలో భోజనరసిక్ అన్నది నిత్యం వాడే మంచి మాట. తెలుగులో రసికుడు అనగానే వినేవాళ్ల పెదవుల మీద వేరే నవ్వు వస్తుంది. భోజనరసికుడు అని సమాసం చేసి రాస్తే పర్వాలేదు, విడిగా మటుకు వద్దు.

భోక్త అన్నది అక్షరాలా తినేవాడు, అనుభవించేవాడు. వేదాంత గ్రంథాల్లో దానికి గొప్ప స్థానం ఉంది. మాట్లాడుకునే తెలుగులో మాత్రం భోక్తలు అంటే తద్దినం భోజనానికి పిలుపు అందుకునేవాళ్లు. పుట్టినరోజు విందులో ఎవరినైనా గొప్ప భోక్త అని పొగిడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఒక తేడా చెప్పుకోవాలి. రుచి తెలియడం, తిండి ఇష్టం కావడం రెండూ ఒకటి కావు. 1930ల మొదట్లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త పనిచేస్తుండగా ఒక రసాయనం పొడి గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి చేదు భరించలేకపోయాడు, ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. కొన్ని చేదులు పుట్టుకతోనే కొందరికి బాగా తెలుస్తాయి, కొందరికి తెలియవు అన్నది అలా బయటపడింది. ఇలాంటి చేదు మరీ ఘాటుగా తెలిసేవాళ్లకు తర్వాత సూపర్‌టేస్టర్ అన్న పేరు వచ్చింది. పేరు విని గొప్ప భోజనప్రియులనుకుంటాం, వాళ్లలో చాలామంది చేదు కూరలు పక్కన పెట్టేసేవాళ్లే. కంచం ముందు కూర్చుని ప్రతిదానికీ వంక పెట్టే మనిషికి నాలుక చురుగ్గానే ఉండొచ్చు. అతన్ని భోజనప్రియుడు అనడం మాత్రం కుదరదు.

తిట్టు మెప్పుగా మారడం

గోర్మాండ్‌కు జరిగింది ఒక్క ఫ్రెంచికే పరిమితం కాదు. చైనాలో తావ్‌త్యే అన్నది తిండి యావతో అన్నీ మింగేసే పౌరాణిక మృగం. పదకొండో శతాబ్దంలో కవి సు దోంగ్‌పో ఆ మృగం పేరులోని అక్షరంతో ముసలి తిండిపోతు అని సరదాగా కావ్యం రాశాడు. ఇప్పుడు లావ్‌తావ్ అంటే తిండి మర్మం తెలిసిన పెద్దమనిషి. ఇవాళ్టి చైనా కుర్రకారు వాడే చిహువో కూడా నిన్నటిదాకా పనికిరాని తిండిపోతు అన్న తిట్టే, ఇప్పుడు ఫుడీ లాగా తమ గురించి తామే చెప్పుకుంటున్నారు. తిండిపోతు కూడా అదే దారిలో ఉందని నా అనుమానం, హోటళ్ల పేర్లలో, వీడియోల శీర్షికల్లో తిండిపోతులు అని సంతోషంగా పెట్టుకుంటున్నారు. కానీ ఇంకా సగం దారిలోనే ఉంది. పాత అర్థంతో వినేవాళ్లు ఉన్నంతకాలం చూసుకుని వాడాల్సిందే.

ఎక్కడ ఏది

పెళ్లి ప్రొఫైల్ అయితే ఫుడీ పర్వాలేదు, తిండిపోతు వద్దు. చదివేది అమ్మాయో అబ్బాయో మాత్రమే కాదు, వాళ్ల నాన్నగారు కూడా. అంతకన్నా నయం, మాట మానేసి విషయం రాయడం. వండడం, తినడం రెండూ ఇష్టం అంటే ఏ వయసువాళ్లకైనా అర్థమవుతుంది, ఇంట్లో వంట ఎవరు చేయాలన్న రేపటి ప్రశ్నకు సగం జవాబు కూడా దొరుకుతుంది.

సోషల్ మీడియాలో మీ గురించి మీరు రాసుకుంటే ఏదైనా మీ ఇష్టం. నవ్వించాలనుకుంటే తిండిపోతు, నలుగురిలో కలవాలనుకుంటే ఫుడీ. కానసర్ అని సొంతంగా పెట్టుకోకండి, అది ఇతరులు అనాల్సిన మాట. గోర్మే, ఎపిక్యూర్‌లూ అంతే.

సన్మాన సభలో, సంతాప సభలో, పరిచయ వాక్యంలో భోజనప్రియులు. మనిషి సాహిత్యంలో, కళల్లో ఉన్నవాడైతే తిండిలోనూ రసజ్ఞులే అని ముడిపెడితే అందంగా ఉంటుంది. వ్యాసంలో గుంపు గురించి రాస్తే ఆహారప్రియులు. వృత్తి చెప్పాల్సి వస్తే ఈ మాటలన్నీ పక్కన పెట్టి వంటల చరిత్రకారుడు, రెస్టారెంట్ విమర్శకురాలు, పాకశాస్త్ర రచయిత అని పని పేరే చెప్పాలి.

ఇంత పోల్చాక నా మొగ్గు ఒకటి చెప్పాలి. తెలుగు ఈ విషయంలో నామవాచకాల కన్నా క్రియలతో బాగా మాట్లాడుతుంది. తినడం తెలిసిన మనిషి. తిండి దగ్గర రాజీ పడడు. మంచి రుచి ఎక్కడుందంటే అక్కడికి వెళతాడు. పెట్టినా ఆనందమే, తిన్నా ఆనందమే. లొట్టలేసుకుంటూ తింటాడు. వీటిలో ఒక్కోటీ ఒక్కో రకం మనిషిని కళ్లకు కట్టిస్తుంది, ఫ్రెంచి మాటలు గుర్తుపెట్టుకునే టెన్షన్ ఉండదు. తినడం తెలిసిన మనిషి అన్నది నాకు వీటన్నిటిలో పెద్ద మెప్పు, గోర్మే అన్న మాట చెప్పగలిగినదంతా అందులో ఉంది, డాబు లేదు. ఒక్క మాటలోనే తేల్చాలన్న నిబంధన ఎవరైనా పెడితే తప్ప ఈ దారే పట్టండి. శీర్షికలో చోటు చాలకో, ఫారంలో గడి చిన్నదయ్యో ఒక్క మాటే కావాల్సి వస్తే భోజనప్రియుడు ఎలాగూ ఉంది.